ప్రమీల చెప్పిన ఊరు

రెండువేల తొమ్మిదిలో వానలు ముఖం చాటేశాయి. ఎల్లారెడ్డికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న తండాలో మక్క చేలు మోకాలెత్తు కాకముందే ఎండిపోయాయి. నిజాంసాగర్ దగ్గరే ఉన్నా దాని కాలువలు పారేది బాన్సువాడ వైపు, పల్లానికి. తండా ఉన్నది మెరక మీద. దసరాకు ముందే ఇండ్లకు తాళాలు పడసాగాయి. ఎవరు ఏ పట్నం పోవాలన్నదే అందరి నోటా మాట. భివండిలో పనికి ఏనాడూ కరువుండదని కొందరన్నారు. హైదరాబాదైతే చావుకైనా పెళ్లికైనా పూటలో ఇల్లు చేరవచ్చని ఇంకొందరన్నారు. ప్రేమ్‌సింగ్‌ది మాత్రం ఎప్పుడూ ఒకటే పాట, పుణె. పద్నాలుగేళ్ల వయసులో మొదటిసారి అక్కడికి పోయాడు. సెంట్రింగ్ పని అక్కడే నేర్చుకున్నాడు. మేస్త్రీలు తనను పేరు పెట్టి పిలుస్తారని, కూలీ అని పిలవరని చెప్పుకునేవాడు. పుణెలో మనిషికి ఇజ్జత్ ఉంటుందనేవాడు.

అతని భార్య సునీలకు ఏ పట్నం మీదా మోజు లేదు. మొగుడు పోతున్నాడు కాబట్టి పోయింది. ఐదేళ్ల కూతురు ప్రమీలను కూడా తీసుకుపోయారు. పిల్లకు ఇంకా మాటలు రాలేదు. ప్రేమ్‌సింగ్‌కు కూడా నాలుగేళ్లు దాటాకే నోరు తెరుచుకుందని అతని తల్లి కేస్లి చెప్పేది. అందుకని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పుణెలోని వాకడ్‌లో కడుతున్న ఒక పెద్ద బిల్డింగు వెనక రేకుల షెడ్డులో కాపురం. ఒకరోజు పొద్దున సునీల తట్టతో ఇసుక మోస్తుంటే కంకర లారీ ఒకటి వెనక్కి వస్తోంది. దాని వెనక ఇసుక కుప్ప దగ్గర ప్రమీల కూర్చుని పుల్లతో గీతలు గీసుకుంటోంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, క్లీనరు బండి పక్కను చేత్తో బాదుతున్నాడు, నలుగురు ఒక్కసారే కేక వేశారు. పిల్ల తల ఎత్తలేదు. సునీల తట్ట కింద పడేసి పరుగెత్తింది. ఆమె చేరేలోపే ఒక బీహారు కూలీ పిల్లను రెక్క పట్టి లాగేశాడు. లారీ చక్రం ఆ గీతల మీదికి ఎక్కి ఆగింది. ప్రమీల మొదట ఏడవలేదు. తననెందుకు లాగారో తెలియక ఒక్కొక్కరి ముఖమూ చూసింది. తర్వాత వెనక్కి తిరిగి లారీని చూసింది. అప్పుడు ఏడ్చింది.

సూపర్‌వైజరు పిల్ల వెనక నిలబడి ఖాళీ డబ్బా మీద ఇనుప చువ్వతో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఈ పిల్లకు వినబడదు, ఇక్కడ ఉంచొద్దు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆ సాయంత్రమే సునీల బట్టలు మూట కట్టింది. ఇక ఈ ఊళ్లో అడుగు పెట్టనని మొగుడితో చెప్పింది. అతను వాళ్లను ఇంటికి చేర్చి, వారం తర్వాత ఒక్కడే పుణెకు తిరిగిపోయాడు.

నిజామాబాద్‌లో వికలాంగుల సర్టిఫికెట్ల కోసం పెట్టిన క్యాంపులో ఒక డాక్టరమ్మ ప్రమీలను చూసింది. పుట్టుకతోనే చెవులు పోయాయని, మిషను పెట్టినా లాభం తక్కువని, ఆపరేషన్ చేసే వయసు దాటిపోయిందని చెప్పింది. హైదరాబాద్‌లో చేతులతో మాట్లాడటం, రాయడం నేర్పే బడి ఉందని, అక్కడే హాస్టల్ కూడా ఉందని ఒక కాగితం మీద రాసిచ్చింది. సునీల ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టింది. ఆరేళ్లు నిండని పిల్లను హాస్టల్లో వేయడానికి ఆమెకు మనసు రాలేదు. కేస్లికి ఆ మాటే గిట్టలేదు. మాట రాకపోతే మేకలు కాయలేదా, తండాలో అందరి మధ్యా బతకలేదా అని వాదించింది. మాట వచ్చినవాళ్లు మాత్రం ఇక్కడ ఏం సుఖపడుతున్నారని సునీల మనసులోనే అనుకుంది.

ముందు తండా బడిలోనే కూర్చోబెట్టారు. ప్రమీల రోజూ నల్లబల్ల మీదున్నదంతా పలక మీదికి దించేది. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. సారు ఆ పలకను మిగతా పిల్లలకు చూపించి సిగ్గు తెచ్చుకొమ్మనేవాడు. ఒకరోజు సునీల ఆ పలకను బడికి పట్టుకుపోయి నల్లబల్ల పక్కన పెట్టి చూసింది. నల్లబల్ల మీద ఒక మూల పగులు ఉంది. పిల్ల ఆ పగులును కూడా అక్షరమే అనుకుని ప్రతిరోజూ దించుతోంది. సునీల అక్కడే గడప మీద కూలబడింది. ఇంటికి వచ్చి బియ్యం డబ్బాలోంచి కాగితం తీసింది.

మరుసటి జూన్‌లో తల్లీకూతుళ్లు హైదరాబాద్ చేరారు. మల్కాజిగిరి స్టేషన్లో దిగి, రెండు సందులు దాటి, నీలం గేటున్న బడికి వెళ్లారు. తార అనే టీచరమ్మ పిల్లను చేర్చుకుంది. అంతవరకూ బాగానే ఉంది. వదిలి వచ్చేటప్పుడే పిల్లకు ఎట్లా చెప్పాలో సునీలకు తెలియలేదు. ఇంట్లో వాళ్లిద్దరికీ సొంత సైగలు కొన్ని ఉన్నాయి. నీళ్లకు బొటనవేలు నోటి దగ్గర పెట్టేవాళ్లు. మేకకు తల మీద రెండు వేళ్లు. నాన్నకు మీసం. నాయనమ్మకు జబ్బ దాకా ఉన్న గాజులు. రేపటికి సైగ లేదు. నెలకు లేదు. నేను పోయి మళ్లీ వస్తానని చెప్పే దారి ఏదీ లేదు. సునీల తనను చూపించుకుని, వీధిని చూపించి, మళ్లీ కాళ్ల కింది నేలను చూపించింది. పిల్ల తల ఊపింది. ఇద్దరం పోతున్నామనుకుని గబగబా చెప్పులు వేసుకుంది. గేటు మూసుకున్నాక ఆ పిల్ల గొంతులోంచి వచ్చిన శబ్దం సందు మలుపు తిరిగినా సునీలకు వినిపిస్తూనే ఉంది.

నెల తర్వాత పోతే ప్రమీల దగ్గరికి రాలేదు. వీపు తిప్పి కూర్చుంది. ఎంత బతిమాలినా ఇటు తిరగలేదు. "మీరు వస్తారని ఆమెకెట్లా తెలుస్తుందమ్మా? చెప్తే తెలిసేది కాదు. తప్పకుండా వస్తూ ఉండండి, చూసి నేర్చుకుంటుంది," అంది తార టీచరు.

ఆ ఒక్క మాట మీదే సునీల కామారెడ్డికి మారింది. తండా నుంచైతే ఆటో ఎక్కి ఎల్లారెడ్డి, అక్కడి నుంచి బస్సులో లింగంపేట మీదుగా కామారెడ్డి, ఆపైన రైలు. వెళ్లేసరికే పొద్దు గుంకుతుంది. కామారెడ్డిలోనే ఉంటే పొద్దున ప్యాసింజరు ఎక్కి పిల్లను చూసి, సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇటు కేస్లికి బాగా లేకపోతే గంటన్నరలో తండాకు చేరవచ్చు. హైదరాబాద్‌లోనే ఉండాలని ఆమెకు ఉన్నా అక్కడ తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. ఒంటరి ఆడదానివి అక్కడెట్లా ఉంటావని ప్రేమ్‌సింగ్ ఫోన్‌లో గట్టిగా అన్నాడు. ఉంటే పుణెలో తన దగ్గర ఉండాలి, లేదంటే తండాలో తన తల్లి దగ్గర ఉండాలి, మధ్యలో ఈ కామారెడ్డి ఏంటన్నాడు. కేస్లి కూడా అదే పాడింది. "అది ఇటు తండా గాదు, అటు పట్నం గాదు. ఆడ ఎవరి కోసం ఉంటవే?" అంది.

కామారెడ్డిలో నాలుగు ఇండ్ల దగ్గర లంబాడోళ్లకు ఇవ్వమన్నారు. ఐదో ఇంట్లో రాజశ్రీ అనే ఆమె వెనక గది ఇచ్చింది. రాజశ్రీ బీడీలు చుట్టేది. ఆమె భర్త మహిపాల్ ఆర్టీసీలో డ్రైవరు. సునీల కొన్నాళ్లు మట్టిపనికి పోయింది. తర్వాత రాజశ్రీ పక్కన కూర్చుని తునికాకు కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం నేర్చుకుంది. నెలలో రెండో ఆదివారం మాత్రం ఎవరు పిలిచినా ఏ పనికీ పోయేది కాదు. అక్కన్నపేట, మేడ్చల్, బొల్లారం, అన్ని స్టేషన్లూ ఆమెకు నోటికి వచ్చేశాయి. నాలుగో నెలలో ప్రమీల గేటు దగ్గర నిలబడి ఎదురుచూసింది. ఆ రోజు తిరుగు రైల్లో సునీల కిటికీ వైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్ని నెలల్లో ఆమెకు మనసు తేలికపడిన రోజు అదే.

రెండువేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి. ఆఫీసులు, బడులు మూతపడ్డాయి. మహిపాల్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. రైళ్లయినా నడుస్తున్నాయని సునీల ధైర్యంగా ఉంది. ఒకరోజు తార టీచరు రాజశ్రీ ఫోనుకు చేసింది. ప్రమీలకు అమ్మవారు పోసిందని, జ్వరం బాగా ఉందని, మందు ఇస్తున్నామని, భయం లేదు గానీ పిల్ల అమ్మ అనే సైగే చేస్తూ పదే పదే అడుగుతోందని చెప్పింది. ఆ మరునాడే రైలురోకో మొదలవుతోంది.

పొద్దున సునీల స్టేషనుకు పోయేసరికి పట్టాల మీద జనం కూర్చుని ఉన్నారు. పాటలు పాడుతున్నారు. పట్టాల పక్కన రాళ్ల పొయ్యిల మీద పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది. అందులో సగం మంది ఆమెకు తెలిసినవాళ్లే. కూరగాయల మల్లయ్య, ఆమె మట్టిపని చేసిన ఇంటి సారు, మహిపాల్. వాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు. రాష్ట్రం వస్తే ఊళ్లు విడిచి పోయే పని ఉండదని అంటుంటే ఆమె కూడా తల ఊపిన మనిషే. మహిపాల్ ఆమెను చూసి లేచి వచ్చాడు.

"మన కోసమే గద చెల్లె. మూడు దినాలు ఓర్చుకో," అన్నాడు.

"నేను ఓర్చుకుంటనే అన్నా. నా బిడ్డకు ఎవరు చెప్పాలె?"

మహిపాల్ ఊళ్లో నలుగురిని అడిగి ఆమెను ఒక ఆటో ఎక్కించాడు. ఆ ఆటో భిక్కనూరు దాకే పోయింది. రోడ్డు మీద లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి సునీల వెనక్కి తిరిగి వచ్చింది. తార టీచరుకు ఫోన్ చేసింది. పిల్లకు ఏం చెప్పమంటారని టీచరు అడిగింది. వస్తున్నానని చెప్పమంది. ఎప్పుడని చెప్పాలని టీచరు అడిగితే సునీల ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది. 

నాలుగో నాడు మొదటి రైలు పట్టుకుని పోయేసరికి ప్రమీలకు పొక్కులు మాడుతున్నాయి. మంచం మీద ముగ్గురు పిల్లల మధ్య కూర్చుని ఉంది. నలుగురి చేతులూ గాలిలో గబగబా కదులుతున్నాయి. ప్రమీల పకపకా నవ్వుతోంది. తల్లిని చూసింది, వచ్చి ఒళ్లో తల పెట్టుకుంది, కాసేపటికి లేచి మళ్లీ ఆ మంచం దగ్గరికే పోయింది. సునీల గోడకు ఆనుకుని నిలబడి చూసింది. తండాలో లంబాడీ, బజార్లో తెలుగు, పుణెలో వంకర టింకర హిందీ, మూడు భాషలు వచ్చు ఆమెకు. తన కడుపున పుట్టిన పిల్ల మాట మాత్రం ఒక్కటీ అర్థం కాలేదు.

ఆ తర్వాత సునీల నేర్చుకోవడానికి ప్రయత్నం చేసింది. ఆదివారాలు తార టీచరు పక్కన కూర్చుని నెలకు పది సైగలు నేర్చుకునేది. బీడీలు చుట్టే చేతులు అవి. పనిలో ఎంత చురుకో ఇక్కడ అంత మొద్దు. ప్రమీల తల్లి వేళ్లను పట్టుకుని సరిచేసేది. అక్కడి పిల్లలు ఒకరికొకరు సైగ పేర్లు పెట్టుకుంటారని అప్పుడే తెలిసింది. సొట్టబుగ్గ మీద వేలు పెడితే ప్రమీల. తనను చూసినప్పుడల్లా పిల్లలంతా భుజం మీద సంచి తగిలించుకున్నట్టు చేస్తారెందుకని ఒకసారి టీచరును అడిగింది. "అది మీ పేరే. ప్రమీల పెట్టింది," అంది టీచరు.

వేసవి సెలవులకు పిల్ల తండాకు వచ్చేది. మొదటి రెండు రోజులు మేకల వెంట, నాయనమ్మ వెంట తిరిగేది. మూడో రోజు నుంచి గోడ మీద గీతలు గీసి రోజులు లెక్కపెట్టేది. చుట్టూ అందరి నోళ్లూ కదులుతుంటే ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూసి చూసి అలసిపోయి లేచిపోయేది. కేస్లి ఆ మనవరాలిని దగ్గరికి తీసుకుని, పరాయి పిల్లయిపోయిందే అని కళ్లు ఒత్తుకునేది.

రెండువేల పద్నాలుగు ఏప్రిల్‌కు ప్రమీల నాలుగో తరగతి పూర్తయింది. ఆ బడి నాలుగు వరకే. హైదరాబాద్‌లోనే అలాంటి పెద్ద బడి ఇంకొకటి ఉందని, ప్రమీల స్నేహితులంతా అక్కడికే పోతున్నారని, ఆమెకు కూడా సీటు మాట్లాడానని తార టీచరు చెప్పింది. మే నెలలో ప్రేమ్‌సింగ్ కామారెడ్డికి వచ్చాడు. ఈసారి అతను వేరే మాట తెచ్చాడు. పుణెలో కూడా అలాంటి బడి ఉంది. అతనుండే చోటికి రెండు కిలోమీటర్లు. తానే పోయి చూసి వచ్చాడు. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు. ఇప్పుడు రేకుల షెడ్డు కాదు, పక్కా గది కిరాయికి తీసుకున్నాడు. కేస్లిని తండాలో అన్న భీమ్‌సింగ్ చూసుకుంటానన్నాడు.

"నాలుగేండ్లాయె సునీలా. నువ్వు ఈడ, అది ఆడ, నేను ఇంకోకాడ. మనం ఒక ఇంట్ల ఎప్పుడు ఉంటం?"

 సునీల కూడా అలసిపోయింది. సెలవులు పోతే నెలకొక్క రోజు చూసిన కూతురు, ఏడాదికి రెండుసార్లు చూసిన మొగుడు. ప్రేమ్‌సింగ్ గోడకు ఆనుకుని కూర్చున్న ప్రమీలను చూసి, దాన్ని కూడా అడుగు, ఏ ఊళ్లో ఉంటదో అడుగు అన్నాడు. అతనికి సైగలు రావు. ఆ ఇంట్లో సునీల ఒక్కదానికే వచ్చు, అదీ అంతంత మాత్రం.

సునీల పిల్ల ఎదురుగా కూర్చుని అడిగింది. పుణె, నాన్న, అమ్మ, బడి, ముగ్గురం ఒకే ఇల్లు. లేకపోతే హైదరాబాద్. నీకేది కావాలి?

ప్రమీల ఆలోచించలేదు. హైదరాబాద్ అంది. ఒక్కొక్క స్నేహితురాలి సైగ పేరు వరసగా చూపించింది. తర్వాత తల్లి పేరు చూపించింది. నువ్వు రైల్లో వస్తూ ఉండు అంది. అలా అంటూ నవ్వింది కూడా. అందులో బాధపడేదేమీ లేదన్నట్టు.

"ఏమన్నది?" అన్నాడు ప్రేమ్‌సింగ్.

ఆ క్షణంలో తనకేమైందో సునీలకు తర్వాత కూడా సరిగ్గా తెలియలేదు. పదేళ్ల కూతురు చెప్పిన ఊళ్లో తనకు చోటు లేదు. రైలు దిగి, రైలెక్కే మనిషి తను. 

"పుణెకు వస్తదంట," అంది.

ప్రేమ్‌సింగ్ పిల్లను ఎత్తుకుని ముద్దు పెట్టాడు. ప్రమీల తాను చెప్పిందానికే నాన్న సంతోషపడ్డాడనుకుని అతని మెడ చుట్టూ చేతులు వేసింది.

టీసీ కోసం ప్రేమ్‌సింగ్ ఒక్కడే హైదరాబాద్ పోయాడు. ఆ సాయంత్రం తార టీచరు సునీలకు ఫోన్ చేసింది. పిల్లను అడిగారా అని నెమ్మదిగా అడిగింది. అడిగామంది సునీల. ఏమన్నదని అడిగింది టీచరు. వస్తనన్నదని మళ్లీ అదే మాట చెప్పింది. ఒకసారి అన్న మాటను రెండోసారి అనడం ఆమెకు కష్టంగానే ఉన్నా ఆగలేకపోయింది.

జూన్ మొదట్లో కొత్త రాష్ట్రం వచ్చింది. కామారెడ్డి నిండా జెండాలు, రంగులు, డప్పులు. రాజశ్రీ చాటలో బీడీలు పక్కన పెట్టి మిఠాయి పంచింది. "ఇగ మనకు మంచిగైతదంటున్నరు. గిప్పుడే పోతవా పిల్లా?" అంది. ఆయన అక్కడ ఎన్నాళ్లని ఒక్కడే ఉంటాడు అక్కా అని మాత్రం అనగలిగింది సునీల. మహిపాల్ సామాను స్టేషనుకు మోసుకొచ్చి రైలెక్కించాడు.

ప్రమీల తన బడి సంచి తానే సర్దుకుంది. స్నేహితులకు ఇవ్వడానికి తండా నుంచి తెచ్చిన అద్దాల గుడ్డముక్కలు నాలుగు జాగ్రత్తగా మడిచి అందులో పెట్టుకుంది. సునీల చూసింది. బడి అని ఒక్క సైగ చేసి ఊరుకుంది. ఏ బడి అని చెప్పలేదు.

రైలు కదిలింది. ప్రమీల కిటికీ దగ్గర కూర్చుంది. కొంతదూరం పోయాక ముఖం చువ్వలకు ఆనించి ముందుకు చూసింది, వెనక్కి చూసింది. నాలుగేళ్లు హైదరాబాద్ దారిలో తిరిగిన పిల్ల. ఉప్పల్‌వాయి బోర్డు వచ్చింది. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటిగా కూర్చుకుని చదివింది. తల్లి వైపు తిరిగి, తప్పు రైలు అని సైగ చేసింది. దిగుదాం అంది. చేయి పట్టుకుని లాగింది. సునీల కదలలేదు. డిచ్‌పల్లి వచ్చింది. ప్రమీల తండ్రిని కుదిపి బోర్డు చూపించింది. ప్రేమ్‌సింగ్ నవ్వి తల నిమిరాడు. అతను రైల్లో అమ్ముతున్న జామకాయలు కొనిచ్చాడు. పిల్ల వాటిని ముట్టుకోలేదు. నిజామాబాద్ పెద్ద స్టేషను చూసేసరికి ఆమెకు అంతా అర్థమైంది. తల్లిని చూసింది. హైదరాబాద్ అని చెప్పాను కదా అని, ఒక్కో సైగ విడివిడిగా, మొద్దు పిల్లకు చెప్పినట్టు చెప్పింది. సునీలకు ఆ రోజు ప్రతి సైగా అర్థమైంది.

పుణె బడి మంచి బడే. టీచర్లు మంచివాళ్లే. కానీ అక్కడ రాసేది మరాఠీ. సైగల్లో కొన్ని ఒకటే, కొన్ని వేరు. ప్రమీలను మళ్లీ చిన్న తరగతిలో కూర్చోబెట్టారు. పిల్ల బడికి పోయేది, వచ్చేది, పెట్టింది తినేది. ఇంట్లో మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తల్లితో ఒక్క సైగ చేయలేదు. సునీల ఏదైనా చెప్పబోతే కళ్లు మూసుకునేది. చెవులున్న మనిషి అలిగితే పక్క గదిలోంచైనా బతిమాలవచ్చు. కళ్లు మూసుకున్న పిల్లను ఏ దారిన చేరాలో సునీలకు తెలియలేదు.

మూడు నెలలు చూసి ఒక సాయంత్రం రొట్టెలు చేస్తూ మొగుడితో నిజం చెప్పేసింది. ప్రేమ్‌సింగ్ చేతిలోని పళ్లెం కింద పెట్టాడు.

"నాకు ఎర్కనే," అన్నాడు.

సునీల రొట్టె చేయడం ఆపి చూసింది.

"ఆనాడు అది చేతులతోటి మస్తు చెప్పింది. నువ్వు ఒక్క ముక్కల చెప్పినవ్. నాకు సమజ్ కాకుంట ఉంటదా? నాకు గూడ మీరు రావాల్ననే ఉండె. అందుకే మల్ల అడగలే."

ఇద్దరిలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిట్టుకుంటే కొంత నయంగా ఉండేదేమో. మరునాడు సునీల తార టీచరుకు ఫోన్ చేసి అంతా చెప్పింది. టీచరు ఆమెను తప్పు పట్టలేదు. ఆ సీటు జూలైలోనే వేరే పిల్లకు ఇచ్చేశారంది. వచ్చే ఏడు ప్రయత్నం చేద్దాం గానీ గట్టిగా చెప్పలేనంది. పిల్ల అక్కడ మరాఠీలో ఏడాది చదివి మళ్లీ తెలుగుకు వస్తే ఏ తరగతిలో కూర్చోబెడతారో కూడా తెలియదంది. స్నేహితుల్లో ఒకమ్మాయి ఇప్పటికే బెంగళూరు పోయిందని కూడా చెప్పింది.

డిసెంబరులో ప్రేమ్‌సింగ్ బొమ్మ కనబడే ఫోను కొన్నాడు. అందులో మనుషులను చూస్తూ మాట్లాడవచ్చని పనికాడ ఎవరో చెప్పారు. తార టీచరును అడిగి ఒక ఆదివారం సమయం పెట్టుకున్నారు. గదిలో సిగ్నల్ సరిగా లేక ముగ్గురూ డాబా మీదికి ఎక్కారు. సునీల ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. బొమ్మ కదిలింది. టీచరు ముఖం, తర్వాత పక్కనే ఇద్దరు పిల్లలు. ప్రమీల ఒక్క గెంతు వేసింది. ఆరు నెలలుగా ఒళ్లో పడి ఉన్న చేతులు లేచాయి. అవతలి పిల్లలు ఏదో అడుగుతున్నారు, ఈ పిల్ల చెబుతోంది, వాళ్లు నవ్వుతున్నారు. ప్రేమ్‌సింగ్ పక్కకు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

ఇంతలో అవతలి పిల్లల్లో పెద్దది ముందుకు వచ్చింది. నవ్వడం మానేసి, ముఖం గంభీరంగా పెట్టి, పెద్ద మాట ఏదో చెప్పడం మొదలుపెట్టింది. సగంలో బొమ్మ బిగుసుకుపోయింది. ఆ పిల్ల చేయి గాలిలో అలాగే ఆగిపోయింది. ప్రేమ్‌సింగ్ ఫోను పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. మళ్లీ చేశాడు. కలవలేదు. ఇంకోసారి చేస్తే మోగింది, వెంటనే తెగిపోయింది.

ప్రమీల తల్లి వైపు తిరిగింది. జూన్ తర్వాత మొదటిసారి ఆమె కళ్లలోకి సూటిగా చూసి సైగ చేసింది.

ఏం చెప్పింది అది?

సునీల చూసింది గానీ ఆ పిల్ల చేతుల వేగాన్ని అందుకోలేకపోయింది. ఒక్క సైగ కూడా పట్టుకోలేదు. ఏదో ఒకటి చెప్పవచ్చు. బాగున్నావా అంది, రమ్మంది, ఏదైనా. ఈసారి ఆమె చెప్పలేదు. తెలియదని తల అడ్డంగా ఊపింది.

ప్రమీల కాసేపు ఆమె ముఖాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత ఫోనును తండ్రి చేతిలోంచి తీసుకుని, పిట్టగోడ పక్కన ఎండలో కూర్చుని, ఆగిపోయిన ఆ బొమ్మ వస్తుందేమోనని నల్లటి అద్దం వైపు చూస్తూ ఉంది. మొగుడూ పెళ్లాలు ఆమెకు రెండు వైపులా కూర్చున్నారు. కిందికి పోదామని ఎవరూ అనలేదు.